లిప్‌బామ్ డబ్బాలో ఉన్నది మన మైనమే



చలి మొదలైంది. హాస్టళ్ళలో పొద్దున్నే లేస్తే పెదాలు బీటలు వారతా ఉన్నాయి. మన గ్రూపులో వారం నుంచి ఒకటే వీడియో తిరుగుతా ఉంది, ఇంట్లోనే నేచురల్ లిప్‌బామ్ చేసుకోవడం ఎట్ల అని. గాజు గిన్నెలో పసుపుపచ్చ గింజలు కరిగించి, నూనె కలిపి, చిన్న డబ్బాల్లో పోస్తారు. ఆ గింజల పేరు బీస్‌వాక్స్ అంట. ఆన్‌లైన్‌లో కొనుక్కోమని కింద లింకు. పూతలపట్టు వైపు నుంచి వచ్చి చదువుకుంటా ఉన్న మేము నలుగురైదుగురం దాన్ని చూసి మొదట నవ్వుకున్నాం. బీస్‌వాక్స్ అంటే తేనెమైనం. మన తాతలు తేనె పిండుకున్నాక మిగిలే పిప్పిని కరిగించి ముద్ద చేసి చూరులో దోపి పెట్టిన వస్తువు. ఇప్పుడు మన పిల్లలే దాన్ని లింకు నొక్కి కొనుక్కోవాల్సి వస్తా ఉంది. ఈ తిరుగుడు ఎట్ల జరిగిందో రాద్దామనుకున్నాం. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి. లిప్‌బామ్ చేసే పద్ధతి కూడా మధ్యలో ఉంది.

మా వైపు తెలియనివాళ్ళకు ఒక మాట. పూతలపట్టు చిత్తూరు జిల్లాలో మండల కేంద్రం. చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు ఒకటి తిరుపతికి, ఒకటి పీలేరు మీదుగా కడపకు చీలేది ఇక్కడే. కాణిపాకం పక్కనే. చుట్టూ మామిడితోటలు, చెరుకు, వేరుశనగ, మధ్యమధ్యలో గుట్టలు. అరకు, పాడేరు మాదిరి ఇది ఏజెన్సీ కాదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేనేలేదు. అందుకే ఇక్కడ గిరిజనులు ఉన్నారా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ తగులుతారు. ఉన్నాం. యానాదులం, ఎరుకలవాళ్ళం, సుగాలీలం. ఊరి చివర కాలనీల్లో, తోటల కాపలా గుడిసెల్లో, తండాల్లో ఉన్నాం.

మన ఇళ్ళల్లో పెదాలు పగిలితే ఏం పూసేవాళ్ళని అవ్వలను అడిగితే ఒకే జవాబు వస్తుంది, ఆముదం. వెన్న, నెయ్యి పాడి ఉన్నోళ్ళ ఇళ్ళ మాట. తేనె దొరికిన రోజుల్లో మాత్రం మైనాన్ని ఆముదంలో వేడిచేసి కలిపి కాళ్ళ పగుళ్ళకు పెట్టేవాళ్ళు. అదే చేతిని పెదాలకూ రుద్దుకునేవాళ్ళు. దానికి ప్రత్యేకంగా పేరు లేదు. పేరు లేనిదాన్ని వేరేవాళ్ళు పేరు పెట్టి అమ్ముకోవడం సులువు, అది వేరే సంగతి.

ఇప్పుడు పాత కాలానికి పోదాం. సంస్కృత వైద్యగ్రంథాల్లో మైనానికి సిక్థకం అని ఒక పేరు, మధూచ్ఛిష్టం అని ఇంకో పేరు. మధువు అంటే తేనె, ఉచ్ఛిష్టం అంటే ఎంగిలి, మిగిలింది. తేనె తిన్నాక మిగిలిన ఎంగిలి అన్నమాట. మైనం, నువ్వులనూనె కలిపి పగిలిన చర్మానికి పూసే సిక్థ తైలం ఆయుర్వేదంలో ఉంది. గ్రీకు వైద్యుడు గాలెన్ క్రీస్తు శకం 2వ శతాబ్దంలో మైనం, ఆలివ్ నూనె, గులాబీ నీళ్ళు కలిపి చేసిన పూతను ఇప్పటి కోల్డ్‌క్రీములకు తాత అంటారు. అంటే తైలం మారింది, ఊరు మారింది, మైనం మాత్రం మారలేదు. నూనె ఒక్కటే పూస్తే జారిపోతుంది. దాన్ని చర్మం మీద పట్టి నిలబెట్టేది మైనమే.

ఈ ఎంగిలి పదార్థానికి ఇంకో పెద్ద పని ఉండేది. గుళ్ళల్లో ఊరేగించే పంచలోహ విగ్రహాలు చూస్తాం కదా. ముందు విగ్రహాన్ని మైనంతో చేస్తారు, గట్టిదనం కోసం గుగ్గిలం కలుపుతారు. పైన మట్టి మెత్తి ఎండబెట్టి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది, ఖాళీ అయిన చోట లోహం పోస్తారు. శిల్పశాస్త్రాల్లో దీని పేరే మధూచ్ఛిష్ట విధానం. చోళుల కాలం కంచు విగ్రహాలు ప్రపంచమంతా మ్యూజియాల్లో ఉన్నాయి, ఆ పద్ధతిలో పోసినవే. లోహం ఇచ్చిన రాజు పేరు శాసనంలో ఉంటుంది. మైనం తెచ్చినోళ్ళ పేరు శాసనానికి ఎక్కే రకం కాదు.

మనకు ఇంకా దగ్గరిది కలంకారీ. శ్రీకాళహస్తి కలంకారీ అంటే ఇప్పుడు అందరికీ కలంతో గీసిన దేవుళ్ళ బొమ్మలే గుర్తొస్తాయి. 17, 18 శతాబ్దాల్లో మన కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కు ఓడలకెక్కిన అద్దకం గుడ్డల్లో నీలం రంగు రావాలంటే మైనం లేకుండా పని జరిగేది కాదు. నీలం ఎక్కడ కావాలో అంతమేర వదిలి, మిగతా గుడ్డంతా కరిగించిన మైనం పూసేవాళ్ళు. నీలిమందు తొట్టిలో ముంచితే మైనం ఉన్నచోట రంగు పట్టదు. తర్వాత మరిగే నీళ్ళల్లో వేసి మైనం తీసేవాళ్ళు. పాండిచ్చేరి వైపు ఉన్న కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఈ పద్ధతినంతా 1742లో ఉత్తరంగా రాసి పంపించాడు, యూరప్‌వాళ్ళు నేర్చుకుని అక్కడే చేసుకోవాలని. ఈ గుడ్డల దెబ్బకు వాళ్ళ నేతగాళ్ళ బతుకు పోతోందని ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టింది, ఇంగ్లండ్ 1721లో గట్టి చట్టం చేసింది. ఆ స్థాయి వ్యాపారం అది.

ఎరుపు రంగుకు చిరువేరు వాడేవాళ్ళు. ఇసుక నేలల్లో తవ్వి తీసే సన్నని వేరు. దాన్ని తవ్వడంలో పేరుపడ్డవాళ్ళు శ్రీహరికోట యానాదులు. పులికాట్ సరస్సుకు, సముద్రానికి మధ్యన ఉన్న దీవి శ్రీహరికోట. సరస్సుకు దక్షిణం కొసన పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613 నాటికే కోట కట్టుకుని గుడ్డల వ్యాపారం చేశారు. అద్దకంలో ఎరుపు నేలలోంచి, మైనం చెట్లమీంచి. రెండూ అడవి తిరిగేవాళ్ళ పనే. అద్దకం పనివాళ్ళ గురించి, వ్యాపారుల గురించి పుస్తకాలు వచ్చాయి, రావాలి కూడా. వాటిల్లో ఒక పేజీ మనది అని గట్టిగా అడగాల్సినవాళ్ళం మనమే.

1835లో శ్రీహరికోట కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి నుంచి కథ మారింది. యానాదులు తేనె, చిరువేరు లాంటి అటవీ సరుకు సేకరించి ప్రభుత్వ డిపోకు ఇవ్వాలి, బదులుగా ధాన్యం తీసుకోవాలి. 1901లో రంగారావు గారు నెల్లూరు జిల్లా యానాదుల మీద మద్రాసు మ్యూజియం తరఫున రాసిందీ, 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల్లో చివరిదీ చదివితే ఈ వివరాలు కనపడతాయి. ఆ పుస్తకాల్లో మనల్ని చూసిన చూపు మాకు నచ్చదు. ముక్కు కొలిచి, తల కొలిచి రాసిన చూపు అది. అయినా చదవండి. మన తాతలు ఏ చెట్టు, ఏ వేరు, ఏ ఈగ ఎరిగి ఉన్నారో వాళ్ళకు తెలియకుండానే వాళ్ళు రాసిపెట్టారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు ఒక్కొక్కటే రిజర్వు ఫారెస్టు అయినాయి. నిన్నటిదాకా మన పట్టు, ఇవాళ సర్కారు సొత్తు. తర్వాత దేశానికి వచ్చిన 1927 అటవీ చట్టం చూస్తే, అటవీ ఉత్పత్తి అనే మాటకు అర్థం చెప్పే చోట తేనె, మైనం అని పేరుపెట్టి మరీ రాశారు. ఏనుగు దంతం, జంతువుల తోలు పక్కన మన చూరులో మైనంముద్ద. పర్మిట్ లేకుండా తెస్తే నేరం. ఎంగిలి అని పేరు పెట్టింది ఒకరు, సొత్తు అని రాసుకుంది ఇంకొకరు.

దాంతోపాటే ఇంకో చట్టం. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో కొత్తగా రాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలవాళ్ళను, యానాదుల్లో కొన్ని గుంపులను ఆ పట్టీలో ఎక్కించారు. రాత్రిపూట పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. తేనె తీసే ఇళ్ళనుంచి వచ్చినోళ్ళకు ఇక్కడే ఒకటి అర్థమవుతుంది. పెద్ద ఈగల పట్టును పగలు తీయరు. వెన్నెల లేని చీకటి రాత్రుల్లో, పొగ పెట్టి తీస్తారు. హాజరు పలికే వేళ, పట్టు తీసే వేళ ఒకటే. అడవిలో ఉంటే దొంగ, స్టేషన్ దగ్గర ఉంటే పస్తు. నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల్ని కూడగట్టి ఈ చట్టం మీద ఏళ్ళ తరబడి కొట్లాడారు. 1952లో దాన్ని రద్దు చేశారు. ఆయన యానాదుల మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1962లో వచ్చింది. మన కాలేజీ లైబ్రరీల్లో ఉంటే అడిగి తీసుకోండి.

శ్రీహరికోట సంగతి పూర్తి చేస్తాం. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971లో మొదటి రాకెట్ లేచింది. దీవిలోని యానాదులు ఎందరో బయటికి వచ్చారు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రాకెట్ ఎగిరిన రోజు మనమూ స్టేటస్ పెడతాం, పెట్టాలి. ఆ దీవిలో చిరువేరు, తేనె ఎరిగిన మనుషులు ఉండేవాళ్ళని కూడా ఒక లైను రాసి పెట్టండి.

మనం అడవికి దూరమైన ఆ రోజుల్లోనే బయట మార్కెట్లో డబ్బాలు పుట్టాయి. 1872లో అమెరికాలో చీజ్‌బ్రో అనే ఆయన వాసెలిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. అది పెట్రోలియం నూనె తీసేచోట మిగిలే జిడ్డు నుంచి వచ్చింది. 1880ల్లో వర్జీనియాలో ఫ్లీట్ అనే ఆయన పెదాలకు పుల్లలాంటి లిప్‌బామ్ తయారుచేశాడు. అది అమ్ముడుపోక 1912లో ఐదు డాలర్లకు హక్కులు ఇచ్చేశాడు. కొన్నవాళ్ళు చాప్‌స్టిక్ పేరుతో ప్రపంచమంతా అమ్మారు. మన దేశంలో 1929లో కలకత్తా నుంచి గౌరమోహన్ దత్తా గారు బోరోలిన్ తెచ్చారు, స్వదేశీ ఉద్యమం ఊపులో. ఇవి చెడ్డవని మేము అనం. పచ్చ ట్యూబు మన ఇళ్ళల్లోనూ ఉంది, గాయాలకు పూసుకున్నాం. మనం మైనం మర్చిపోయిన కాలం, డబ్బా మన గుడిసెలోకి వచ్చిన కాలం రెండూ కలిసి నడిచాయి, అంతే. ఇప్పుడు నేచురల్ అని మళ్ళీ మైనం దగ్గరికే తిరిగొచ్చారు. వంద, రెండొందలు పెట్టి కొంటున్న చిన్న డబ్బాలో సగం గొప్ప ఆ మైనానిదే.

ఇక చేసే పద్ధతి. పెదాల చర్మం చాలా పల్చన, అక్కడ నూనె గ్రంథులు ఉండవు. అందుకే ముందు అవే ఎండిపోతాయి. నాలుకతో తడిపితే ఇంకా ఎండుతాయి. మైనం పూత ఆ తడి పోకుండా మూతలా పనిచేస్తుంది.

తేనె పిండేశాక మిగిలిన పట్టు ఉంటే దాన్ని పారేయొద్దు. పిల్లఈగలు, చెత్త తీసేసి, పాత గిన్నెలో నీళ్ళు పోసి సన్న మంట మీద పెట్టండి. మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి నీళ్ళు తెర్లాల్సిన పని లేదు. కరిగాక పల్చటి గుడ్డలో వడకట్టి కదపకుండా వదిలేయండి. చల్లారితే మైనం పైన బిళ్ళలా తేలుతుంది, మడ్డి అడుగున ఉంటుంది. అడుగు గీకేసి ఇంకోసారి ఇట్లే చేస్తే శుభ్రమైన పసుపు మైనం వస్తుంది. అంగట్లో కొంటే వాసన చూడండి. అసలుదానికి తేనె వాసన ఉంటుంది, చేతిలో నలిపితే వేడికి మెత్తబడి ముద్దవుతుంది. కొవ్వొత్తి మైనం పెట్రోలియంది, వాసన ఉండదు, జారుడుగా ఉంటుంది. అది కలిపి అమ్మేవాళ్ళు ఉన్నారు.

మైనం ఒక పాలు, నూనె మూడు పాళ్ళు, తూకంలో. 10 గ్రాముల మైనానికి 30 గ్రాముల నూనె అనుకోండి. ఐదు గ్రాముల డబ్బాలు ఎనిమిది వస్తాయి. హాస్టల్ రూముకు సరిపోను. నూనె కొబ్బరిది కావచ్చు, ఆముదం కావచ్చు, సగం సగం అయితే బాగుంటుంది. కొబ్బరి తేలిగ్గా పరుచుకుంటుంది, ఆముదం మెరుపు ఇచ్చి పట్టి ఉంటుంది. ఇప్పనూనె దొరికే ఇళ్ళవాళ్ళు అదీ వాడొచ్చు, చలికి అదే వెన్నలా పేరుకుంటుంది కాబట్టి మైనం కొంచెం తగ్గించాలి. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి మైనం కరిగించండి. నేరుగా మంటమీద పెట్టొద్దు, అంటుకుంటుంది. కరిగాక నూనె పోసి కలిపి దించండి. చల్లటి స్టీలు ప్లేటు మీద ఒక చుక్క వేసి చూడండి. మరీ గట్టిగా ఉంటే నూనె, మరీ జారుగా ఉంటే మైనం. మన చిత్తూరు ఎండలకు మార్చి దాటితే మైనం కొంచెం పెంచాల్సిందే, లేకుంటే జేబులోనే కారిపోతుంది. తడి లేని డబ్బాల్లో పోసి, గట్టిపడేదాకా కదపొద్దు.

వీడియోలో తేనె, బీట్‌రూట్ నీళ్ళు, నిమ్మరసం కూడా పోయించారు. మేము పోయొద్దంటాం. నీళ్ళున్న ఏ పదార్థమూ మైనంలో కలవదు, అడుగుకు చేరుతుంది, నీళ్ళ తేమకు బూజు పడుతుంది. నిమ్మరసం పగిలిన పెదానికి మంట, ఎండ తగిలితే మచ్చ. ముందు మణికట్టు లోపలి వైపు కొంచెం పూసి ఒక రోజు చూసి, దురద లేకపోతేనే పెదాలకు వాడండి.

ఒక సైన్సు మాట. మైనాన్ని ఈగ బయట నుంచి తేదు. కూలీ ఈగల పొట్ట కింద గ్రంథుల నుంచి చిన్న పొలుసులుగా ఊరుతుంది, దాన్ని నమిలి గదులు కడతాయి. ఒక కిలో మైనం కట్టాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తినాలని లెక్క చెబుతారు. తేనె అమ్మి పట్టును పారేస్తే ఎంత పారేసినట్టో మీరే చూసుకోండి. మన ఆసియా ఈగల మైనానికి వ్యాపారులు ఘెడ్డా మైనం అని వేరే పేరు పెట్టారు, యూరప్ ఈగ మైనంతో పోలిస్తే దాని గుణాలు కొంచెం వేరు. తీసేవాళ్ళు పట్టంతా కోయకుండా, పిల్ల ఉన్న భాగం వదిలేసేది పెద్దల పద్ధతి. నల్లమల చెంచుల్లో కొండచరియ కిందికి తాడుతో దిగేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిదే అని చెప్పుకుంటారు. అక్క బతుకు ఆ తాడుకు కట్టి ఉంది కాబట్టి వదలడంట. కాబట్టి ఇది చదివి కుర్రాళ్ళెవరూ పొగ పట్టుకుని గుట్ట ఎక్కొద్దు. తెలిసినవాళ్ళ వెనక పోండి.

తమిళనాడు నీలగిరుల్లో 1993 నుంచి పనిచేస్తున్న కీస్టోన్ ఫౌండేషన్ ఇరుళ, కురుంబ తేనె తీసేవాళ్ళతో కలిసి మైనాన్నీ సరుకుగా మార్చింది. కొవ్వొత్తులు, బామ్‌లు చేసి అమ్ముతున్నారు. మన రాష్ట్రంలో 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, జీసీసీ, తేనెకు మంచి పేరు తెచ్చింది, కానీ దాని బలమంతా ఏజెన్సీలో. మైదానంలో ఉన్న మనకు మిగిలింది చట్టమే.

ఆ చట్టం 2006 అటవీ హక్కుల చట్టం. ఇది షెడ్యూల్డ్ ఏరియాకు మాత్రమే అని మా వైపు చాలామంది అనుకుంటారు, కాదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిలో ఉంటూనో, బతుకుతెరువుకు అడవి మీద ఆధారపడుతూనో ఉన్న ఎస్టీలకు ఎక్కడైనా వర్తిస్తుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు సెక్షన్ 3లో ఉంది. ఏవి ఆ ఉత్పత్తులు అని చెప్పే సెక్షన్ 2లో తేనె, మైనం రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయి. 1927 చట్టం ఏ మాటలతో తీసుకుందో, 2006 చట్టం అవే మాటలతో తిరిగి ఇచ్చింది. 2012లో సవరించిన నియమాలు ఇంకో అడుగు ముందుకేశాయి. సేకరించడమే కాదు, నిల్వ చేయడం, తయారీ చేసి విలువ పెంచడం, అడవి బయటికి తీసుకుపోయి అమ్మడం కూడా హక్కులో భాగమే. సేకరణకు రాయల్టీ, ఫీజు ఏదీ కట్టక్కర్లేదు. అంటే మైనం తెచ్చి లిప్‌బామ్ చేసి డబ్బాలో పెట్టడం కూడా ఆ హక్కు లోపలిదే. అమ్మకానికి చేస్తే మాత్రం కాస్మెటిక్స్ లైసెన్సు కావాలి, 2020 కాస్మెటిక్స్ నియమాల కింద. ఇంట్లో వాడుకోవడానికి అక్కర్లేదు. 2018లో మొదలైన వన్‌ధన్ కేంద్రాలు ఇట్లాంటి తయారీకే అన్నారు. మూడొందల మంది ఒక కేంద్రంగా కలవాలి.

హక్కు రావాలంటే గ్రామసభ పెట్టి, అటవీ హక్కుల కమిటీ వేసి, సామూహిక హక్కులకు ఫారం-బి నింపాలి. సెలవులకు ఊరికి పోయినప్పుడు పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఏ గుట్ట, ఏ వంక, ఏ చెట్టున పట్టు తీసేవాళ్ళో అడిగి కాగితం మీద పెట్టండి. ముసలివాళ్ళ వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. ఈగల పేర్లు మీ ఊళ్ళో ఏమంటారో అట్లే రాయండి, పుస్తకం పేర్లు వద్దు. ఫారం-బిలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల గడి దగ్గర చాలాచోట్ల తేనె అని ఒక్కమాట రాసి వదిలేస్తారు. మీరు పక్కనుండి తేనె, మైనం అని రెండూ రాయించండి.